పాత మియాటాలో క్లచ్ పెడల్ కిందికి దిగిపోతుంటే: గేర్‌బాక్స్ దించే ముందు ఇది చూడండి

మీ 1993 మజ్డా మియాటా కారులో క్లచ్ పెడల్ మెత్తబడిందని, ఇంజిన్ నడుస్తుండగా రివర్స్ వేస్తే గరగరమంటోందని, ఆపేస్తే మాత్రం గేర్లన్నీ హాయిగా పడుతున్నాయని రాశారు. షాపులో క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు, హైడ్రాలిక్ భాగాలు ఇంట్లో మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చు. అంతకంటే ముందు, గేర్‌బాక్స్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి.

క్లచ్ ప్లేటు అరిగితే ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం అందుకోదు. మీది అలా లేదు. పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అంతే. ముప్పై ఏళ్ల బండిలో ఇలా జరిగితే నేను మొదట అనుమానించేది రెండు చిన్న సిలిండర్లనే. పెడల్ వెనక, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ (ఫైర్‌వాల్) మీద ఉండేది మాస్టర్, గేర్‌బాక్స్ పక్కన ఉండేది స్లేవ్. పెడల్ తొక్కితే మాస్టర్ బ్రేక్ ఫ్లూయిడ్‌ని గొట్టంలోంచి నెడుతుంది, ఆ ఒత్తిడికి స్లేవ్ కడ్డీ బయటికొచ్చి క్లచ్‌ని విడదీస్తుంది. కొన్ని కార్లలో స్లేవ్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. మజ్డా వాళ్లు మియాటాలో దాన్ని బయటే బిగించారు. మనలాంటివాళ్లు ఇంటి ముందు ఈ పని చేసుకోగలుగుతున్నామంటే అందుకే.

నేను ఒహాయోలో ఇదే తరం మియాటాకి ఈ పని చేశాను. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో కింద ప్రతి బోల్టూ తుప్పు పట్టి ఉంటుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. కారు ఎత్తాక జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి, కదలట్లేదని తేలాకే పడుకోండి. రక్షణ కళ్లద్దాలు కూడా పెట్టుకోండి, బ్రేక్ ఫ్లూయిడ్ కంట్లో పడితే విపరీతంగా మండుతుంది.

అమెరికా బండిలో స్లేవ్ కుడివైపు ఉంటుంది. దాని రబ్బరు టోపీని కొద్దిగా పక్కకి లాగి చూడండి. లోపల్నుంచి ఫ్లూయిడ్ కారితే స్లేవ్ పోయినట్టే. తర్వాత డాష్‌బోర్డ్ కింద తల పెట్టి, పెడల్ కడ్డీ ఫైర్‌వాల్‌లోకి దూరే చోట వేలితో తడమండి. అక్కడ తడి ఉంటే మాస్టర్ కూడా లీకవుతోంది. ఎక్కడా తడి లేకుండా, తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా దిగిపోతోందంటే మాస్టర్ లోపలి సీలు అరిగి, ఫ్లూయిడ్ దాన్ని దాటి వెనక్కి పోతోందన్నమాట.

ఒక్కటే లీకవుతున్నా రెండూ మార్చమనే నా సలహా. రెండూ ఒకే వయసువి, ఒకే మురికి ఫ్లూయిడ్‌లో నానినవి. ఒకటి కొత్తది పడగానే ఒత్తిడి సరిగ్గా పుడుతుంది, ఆ ఒత్తిడికి పాతది చేతులెత్తేస్తుంది. మళ్లీ అదే పని, మళ్లీ అదే ఎయిర్ (లైన్లో చేరిన గాలి) తీయడం. మన ఊళ్లలో మెకానిక్‌లు 'కిట్ వేస్తే సరిపోతుంది' అంటారు, అంటే రబ్బరు సీళ్లు మాత్రమే మార్చడం. సిలిండర్ లోపలి గోడ అద్దంలా ఉంటేనే అది పనికొస్తుంది. తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త సీలునీ కోసేస్తాయి. స్లేవ్‌కి వెళ్లే రబ్బరు గొట్టం పగుళ్లు చూపిస్తే దాన్నీ ఇప్పుడే మార్చేయండి.

విప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది పైపు నట్ల దగ్గర. అవి మెత్తని లోహం. మామూలు పానా వేస్తే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతాయి, ఇక ఏ పానాకీ పట్టు దొరకదు. నట్టుని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా 10 మిల్లీమీటర్లది కొనుక్కోండి. స్లేవ్ గొట్టాన్ని మాత్రం, స్లేవ్ ఇంకా గేర్‌బాక్స్‌కి బిగించి ఉండగానే కొంచెం వదులు చేసి ఉంచుకోండి. తర్వాత రెండు బోల్టులు తీసి, గొట్టం మెలిపడకుండా స్లేవ్‌నే తిప్పుతూ ఊడదీయవచ్చు. మాస్టర్ దగ్గర ఫ్లూయిడ్ కారక తప్పదు, కింద గుడ్డలు పరవండి. పెయింట్ మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయండి. మాస్టర్ నట్లలో ఒకటి డాష్‌బోర్డ్ కింద ఉంటుంది. సీటు మీద కాళ్లు పెట్టి తలకిందులుగా దూరాలి. మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఈ ఒక్క నట్టే.

డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్, కొత్తగా తెరిచిన సీసాలోది వాడండి. ఇది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, కాబట్టి ఎప్పుడో తెరిచి గ్యారేజీలో పడేసింది వద్దు. సిలికాన్‌తో చేసే డాట్ 5 అసలే వద్దు. సీళ్లకి కూడా ఈ ఫ్లూయిడే రాయాలి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఎక్కువమంది ఓపిక పోగొట్టుకునేది ఎయిర్ తీసే దగ్గర. ఫ్లూయిడ్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. లైన్లో చిన్న బుడగ ఉన్నా మీరు తొక్కిన తొక్కులో కొంత దానికే ఖర్చయిపోతుంది. ముందు స్లేవ్ మీదుండే బ్లీడర్ (గాలి వదిలే చిన్న స్క్రూ) తెరిచి, ఫ్లూయిడ్ దానంతట అది కారేదాకా వదిలేయండి. తర్వాత ఒకరు పెడల్ దగ్గర, ఒకరు కింద. మా ఆవిడ 'తొక్కాను' అనగానే నేను బ్లీడర్ తెరిచేవాణ్ణి, నేను 'మూశాను' అన్నాకే ఆమె పెడల్ వదిలేది. ఈ మాటలు ముందే అనుకుని మొదలుపెట్టండి. మూయకముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా చాలా చిన్నది, చూస్తుండగానే ఖాళీ అవుతుంది. అడుగు కనబడనివ్వకండి.

ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటే, బ్లీడర్ మూసి, స్లేవ్‌ని బోల్టుల నుంచి విడదీసి, కడ్డీని చేత్తో మెల్లగా లోపలికి నెట్టండి. ఇరుక్కున్న గాలి వెనక్కి ప్రయాణించి పైన డబ్బాలో బుడగలుగా తేలుతుంది. నా బండిలో చివరి గాలి బయటికొచ్చింది ఇలాగే. స్లేవ్ విప్పి ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పెడల్ ముట్టకూడదు, పిస్టన్ బయటికి ఎగిరిపోతుంది.

చివరగా పెడల్ కడ్డీ. దాని పొడవు సర్దేటప్పుడు పెడల్ పైన కొద్దిగా ఖాళీ కదలిక ఉండాలి. పెడల్ గట్టిగా, ఎత్తులో ఉండాలని ఆ ఖాళీ తీసేస్తే మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ డబ్బాలోకి తిరిగి వెళ్లే రంధ్రం తెరుచుకోదు. లైన్లో ఒత్తిడి నిలిచిపోయి, బాగున్న క్లచ్ జారి అరిగిపోతుంది.

ఇంజిన్ ఆపి ఉంచి, ఒకరిచేత పెడల్ పూర్తిగా తొక్కించి, కింద స్లేవ్ కడ్డీ ఎంత కదులుతోందో చూడండి. దాదాపు అర అంగుళం కదిలితే హైడ్రాలిక్స్ తమ పని తాము చేస్తున్నట్టే. అప్పటికీ రివర్స్ గరగరమంటే లోపల ఫోర్కో (స్లేవ్ కడ్డీ నెట్టే చెయ్యి), పైలట్ బేరింగో (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనని పట్టుకునే చిన్న బేరింగ్), క్లచ్చో చూడాలి. గేర్‌బాక్స్ దించే మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు. మీ స్లేవ్ టోపీ కింద ఏం కనబడిందో ఇక్కడ రాయండి, ఫోటో ఉంటే పెట్టండి, చూసి చెబుతాను.