ఆ ఇరవై నిమిషాల గురించి రాయి

తమ్ముడూ,

గుండెపోటు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "రక్తం అందకపోతే గుండె కండరం చచ్చిపోతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథంతా ఆ "అందకపోతే"కీ "చచ్చిపోతుంది"కీ మధ్యనే ఉంది.

మామూలుగా గుండె ఎక్కువగా కొవ్వు ఆమ్లాల మీద నడుస్తుంది. గ్లూకోజ్, అది ఆక్సిజన్ లేకుండా విరిగితే వచ్చే లాక్టేట్ దొరికితే వాటినీ వదలదు. దాని దగ్గరున్న ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి అణువు) నిల్వ కొన్ని సెకన్లలో ఖర్చయిపోతుంది, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. పైగా తనకొచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో 70 శాతం దాకా మనం ఊరికే కూర్చున్నప్పుడే లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి. రక్తనాళం సన్నబడినవాళ్లకి మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది అందుకే. ఈ ముక్క చెబితే పాఠకుడికి సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు నాళం మూసుకుపోయిందనుకో. ఆక్సిజన్ లేకుండా కొవ్వు మండదు. కణం గ్లూకోజ్‌ని, తనలో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ గ్లైకోజెన్‌ని ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టుకుంటుంది. ఒక్కో గ్లూకోజ్ అణువుకి సుమారు 30 ఏటీపీలు రావాల్సిన చోట 2 వస్తాయి. ఇక్కడ కాస్త ఆగు. నిన్నటిదాకా లాక్టేట్‌ని తిన్న గుండె ఇప్పుడు అదే లాక్టేట్‌ని కక్కుతోంది! నువ్వేమో దాన్ని "విషం" అని తీసిపారేశావు. రక్తం బొత్తిగా ఆగితే అది కొట్టుకుపోయే దారీ ఉండదు. లోపల ఆమ్లం పేరుకుని, ఆ కాస్త ఏటీపీ తయారీ కూడా కుంటుపడుతుంది.

గడియారం కూడా చూపించు. 1935లో టెనెంట్, విగ్గర్స్ అనే పరిశోధకులు కుక్క గుండెలో నాళాన్ని మూసి చూశారు. నిమిషం తిరక్కుండానే ఆ భాగం ముడుచుకోవడం మానేసి, బయటికి ఉబ్బింది. అప్పటికి కణాలు బతికే ఉంటాయి. నాళం పూర్తిగా మూసుకుపోయినా అవి చావడం మొదలవడానికి 20 నిమిషాలైనా పడుతుంది, అదీ లోపలి పొర నుంచి బయటికి.

మొదట్లో నేనూ కదలకపోవడాన్నీ చచ్చిపోవడాన్నీ కలిపేశాను. నా వ్యాసం అచ్చయిన వారం ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆయనకి ఎకోలో గుండె గోడ కదలట్లేదన్నారండీ. మీరు రాసిన ప్రకారం ఆ భాగం పోయినట్టేనా?" నాకు నోట మాట రాలేదు. స్టెంట్ వేశాక కూడా కొన్నాళ్లు కదలకుండా ఉండి, తర్వాత కోలుకునే కండరం ఉంటుందని నాకప్పుడు తెలీదు. చాలాకాలం రక్తం తక్కువగా అంది, పని తగ్గించుకుని బతికే కండరమూ ఉంటుంది. కదలదు గానీ, పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాక్కుంటూ కనిపిస్తుంది. అది తెలిసుంటే, "డాక్టర్‌ని ఇది అడగండి" అనైనా ఆవిడకి చెప్పేవాణ్ణి.

ఆ ఒక్క వాక్యాన్ని మూడు పేరాలు చేసి పంపు. మైటోకాండ్రియా పక్కన నువ్వు పెట్టిన ఆ అరిగిపోయిన "పవర్‌హౌస్" అనే మాట మాత్రం తీసెయ్.

నీ
అన్నయ్య