బాబు క్లాసులో వచ్చి కూర్చోమన్నారు, వెళ్లనా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా బాబుకి మూడున్నరేళ్లు. జూన్‌లో నర్సరీలో వేశాం. వచ్చే శనివారం తల్లో తండ్రో ఎవరైనా ఒకరు వచ్చి అరగంట క్లాసులో కూర్చోవచ్చని స్కూలువాళ్లు కబురు పెట్టారు. నన్ను చూడగానే వాడు ఏడుపు మొదలుపెడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ‘వాడి మానాన వాడు ఉంటున్నాడు, నువ్వెళ్లి కెలకడం దేనికి’ అంటున్నారు మా అత్తగారు. వాడికి ఇంకా అఆలు రాయడం రాదు. పక్కింటి పాప ఒకటి నుంచి వంద దాకా రాసేస్తోంది. వెళ్తే అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి?
– ఒక తల్లి

జవాబు: వెళ్లండమ్మా. పిలిచి మరీ చూపించే స్కూళ్లు మనవైపు తక్కువే. చాలాచోట్ల తల్లిదండ్రులు గేటు దాటేది ఫీజు కట్టే రోజునే.

ఏడుపుకి ఒక ఉపాయం ఉంది. బడి వదిలే ముందు అరగంట ఇమ్మని టీచర్ని అడగండి. ఏడ్చినా మీతోనే ఇంటికి వచ్చేస్తాడు, గొడవ ఉండదు. అలా కుదరకపోతే, ‘అమ్మ వెనకాల కాసేపు కూర్చుని వెళ్లిపోతుంది, నువ్వు బెల్లు కొట్టాక రావాలి’ అని ముందురోజు రాత్రే చెప్పండి. వచ్చేటప్పుడు వాడికి చెప్పే రండి. వాడు అటు తిరగ్గానే జారుకుంటే, సోమవారం నుంచి పాఠం వదిలేసి తలుపు వైపే చూస్తాడు.

మీకు కుర్చీ వేస్తే వద్దనండి. గోడవారగా చాప మీద కూర్చోండి. అప్పుడు గది మీ బాబుకి ఎలా కనిపిస్తుందో మీకూ అలాగే కనిపిస్తుంది. చార్టులన్నీ మన తల ఎత్తులో ఉంటే అవి మనకోసం అంటించినవే. పిల్లలు వేసిన బొమ్మలు చూడండి. గోడ మీద పాతిక మామిడిపళ్లుండి, పాతికా ఒకే పసుపులో, ఒక్కటీ గీత దాటకుండా ఉంటే అందులో టీచరు చెయ్యి పడినట్టే. మధ్యలో ఒక నీలం మామిడిపండు కనిపిస్తే నాకైతే ఆ స్కూలు మీద నమ్మకం పుడుతుంది. నీళ్ల కుళాయి, బాత్రూమ్ గడియ పిల్లలకి అందుతున్నాయా? మరియా మాంటిస్సోరి 1907లో రోములో బడి తెరిచి, బల్లలూ అరలూ పిల్లల ఎత్తుకే చేయించారు. 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకీ శిక్షణ ఇచ్చారు. ఆవిడ పేరు బోర్డు మీద పెట్టుకున్న స్కూళ్లు ఊరూరా ఉన్నాయి, కుళాయి మాత్రం ఎత్తులోనే ఉంటుంది!

మీ బాబునే చూస్తూ కూర్చోకండి. మీరున్నారని వాడితో అందరూ బాగానే ఉంటారు. నిక్కరు తడుపుకున్న పిల్లాడు, నీళ్ల సీసా ఒలకబోసిన పిల్ల, ఏ ఆటలోనూ చేరకుండా మూల నిలబడ్డ పిల్ల... వీళ్ల దగ్గరికి టీచరు ఎలా వెళ్తుందో చూడండి. నరసన్నపేట దగ్గర అంగన్‌వాడీ నడిపినదాన్ని, నేను ముందు చూసేది అదే. ఏడ్చే పిల్లని ఏ భాషలో ఊరుకోబెడుతోందో కూడా వినండి. ‘నో క్రయింగ్’ అంటే మూడేళ్ల బిడ్డకి ఏం ఊరట? ‘ఏటయిందమ్మా’ అని దగ్గరికి తీసుకుంటే వేరు. మన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఇంగ్లిష్ మీడియం అయినంత మాత్రాన ఓదార్పు కూడా ఇంగ్లిష్‌లోనే ఉండాలా?

ఇక రాత. మణికట్టులో ఉండే చిన్న ఎముకలు ఈ వయసుకి చాలావరకు గట్టిపడవు. వేళ్లకి ఇప్పుడు కావలసింది మట్టి పిసకడం, కాగితం చింపడం, చింతపిక్కలు ఏరడం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా పెట్టి, ఆటపాటలతోనే చదువు మొదలవ్వాలంది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనీ అందులోనే ఉంది. పక్కింటి పాప వంద దాకా రాస్తోంది సరే, ఏడు చింతపిక్కలు తెచ్చిపెట్టమనండి చూద్దాం. పాప మీద నాకు కోపం లేదు, వంద రాయించిన వాళ్ల మీదే.

టీచర్ని ‘ఎలా చదువుతున్నాడు’ అని అడక్కండి. ‘ఎవరితో ఆడుతున్నాడు, దేనికి భయపడుతున్నాడు’ అని అడగండి, అదీ వాడు వినకుండా. అందరి ముందూ రైమ్ చెప్పమని వాణ్ణి లేపొద్దు. ఫోన్ సంచిలోనే ఉంచండి, ఫొటోలో పడేది మీ పిల్లాడొక్కడే కాదు.

ప్రశ్న: కొడుకూ కోడలూ పనికి చెన్నై వెళ్లారు. మనవరాలిని అంగన్‌వాడీకి నేనే దింపుతాను. తాతలు లోపల కూర్చోవచ్చా?
– ఒక తాతయ్య, టెక్కలి

జవాబు: కార్యకర్తని ఒక మాట అడిగి కూర్చోండి, అన్నయ్యగారూ. వాళ్లకి పిల్లలతో పాటు రిజిస్టర్లు, తూకాలు, వంట కూడా ఉంటాయి. ఊరికే చూసే బదులు ఒక కథ చెప్తానంటే సంతోషిస్తారు. గుడ్డు, పాలు పెట్టే వేళకి వెళ్తే మనవరాలు ఏం తింటోందో, ఏం పక్కన పెట్టేస్తోందో కూడా తెలుస్తుంది. చెన్నైకి ఫోన్ చేసినప్పుడు వాళ్లమ్మ ముందు అడిగేది అదే కదా.