తమ్ముడు డిలీట్ చేసిన పార్టిషన్‌లో నా ప్రాజెక్టు ఉంది

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్, అందులో విండోస్ 10, ఉబుంటు (లైనక్స్) రెండూ ఉన్నాయి. సీ డ్రైవ్ నిండిపోయిందని మా తమ్ముడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, పేరు లేని 120 జీబీ పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఊరికే పడి ఉందనుకుని డిలీట్ చేశాడు. అది ఉబుంటుది. ఇప్పుడు ఆన్ చేస్తే నల్లటి తెర మీద 'గ్రబ్' అని వచ్చి ఆగిపోతోంది, విండోస్ కూడా రావట్లేదు. నా బీటెక్ ప్రాజెక్టు మొత్తం ఉబుంటులోనే ఉంది. పోయినట్టేనా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: పోయిందనుకోకండమ్మా, టెన్షన్ వద్దు. కానీ ఎవరు చెప్పినా ఫార్మాట్ మాత్రం కొట్టించకండి. పార్టిషన్ డిలీట్ చేస్తే అడంగల్‌లో పేరు కొట్టేసినట్టే, పొలం అక్కడే ఉంటుంది, ఇంకొకరు వచ్చి దున్నేదాకా. మీది హార్డ్ డిస్క్ కావడం మంచిదైంది. ఎస్ఎస్‌డీ అయితే డిలీట్ చేసిన జాగా ఖాళీ అని విండోస్ దానికి చెప్పేసే అవకాశం ఉంది, అప్పుడు ఆశ చాలా తక్కువ.

విండోస్‌కి ఏమీ కాలేదు. ముందు లేచేది గ్రబ్ (విండోసా, ఉబుంటునా అని అడిగే చిన్న ప్రోగ్రామ్), దాని ఫైళ్లు ఉబుంటు పార్టిషన్‌లో ఉండేవి, అవి దొరక్క ఆగింది. ఆన్ చేయగానే ఎఫ్12 (కొన్నిట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్) నొక్కి 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకోండి. తమ్ముణ్ణి తిట్టకండి, ఉబుంటు వాడే ఎక్స్‌ట్4 ఫార్మాట్ విండోస్‌కి అర్థం కాదు కాబట్టి ఆ పార్టిషన్ ఎవరికైనా అలా అనాథలాగే కనిపిస్తుంది. ఆ జాగాను సీలో కలపొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇప్పుడు అసలు పని. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని దాంతో బూట్ చేయండి, 'ట్రై ఉబుంటు' నొక్కండి, ఇన్‌స్టాల్ వైపు పోవద్దు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, సైజు చూసి మీ డిస్క్ ఎంచుకుని 'ఎనలైజ్', తర్వాత 'క్విక్ సెర్చ్' ఇవ్వండి. 120 జీబీ లైనక్స్ పార్టిషన్ కనబడితే దాని మీద 'పి' అక్షరం నొక్కండి, లోపలి ఫోల్డర్లు కనిపిస్తాయి. కనిపించాయని ఆనందంలో వెంటనే 'రైట్' (Write, అంటే దొరికిన పార్టిషన్‌ని డిస్క్ పట్టికలో తిరిగి రాయడం) కొట్టేయకండి, ముందు ప్రాజెక్టు ఫోల్డర్‌ని వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తమ్ముడు ఇప్పటికే సీలో కలిపేసి ఉంటే కాపీతోనే ఆగిపోండి, 'రైట్' అసలు వద్దు.

కలపకపోతే, కాపీ అయ్యాక 'రైట్' ఇచ్చి రీస్టార్ట్ చేయండి, చాలాసార్లు పాత గ్రబ్ మెనూయే తిరిగి వస్తుంది. రాకపోయినా ప్రాజెక్టు అప్పటికే మీ చేతిలో ఉంటుంది.