కంగారు వేరు, గుబులు వేరు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. బెజవాడలో బుడమేరు వాగు వరద నీళ్లలో చిక్కుకున్న ఆ సింగ్‌నగర్ కుటుంబాన్ని దగ్గర నుంచి చూసి రాశావని తెలుస్తూనే ఉంది. డ్రోన్ వదిలిన ఆహారం పొట్లాల కోసం పిల్లలు డాబా మీద పరిగెత్తడం నా కళ్లకు కట్టింది. ఇబ్బంది ఒక్కచోటే. మొదటి పేజీలో 'ఆందోళన' మూడుసార్లు వచ్చింది. అది నీకూ తట్టినట్టుంది, తర్వాతి పేజీల్లో వ్యాకులత, ఉద్విగ్నత, కలవరం, ఆదుర్దా అని వరసగా మార్చుకుంటూ పోయావు. నిఘంటువులో అవన్నీ పక్కపక్కనే ఉంటాయి. మనుషుల్లో అలా ఉండవు.

నీళ్లు గడప దాటేటప్పుడు ఇంటాయన బియ్యం బస్తాను మంచం మీదికి ఎత్తుతాడు, మళ్లీ దించి ఫ్రిజ్ మీద పెడతాడు, గ్యాస్ సిలిండర్ పట్టుకుని ఏ గదిలోకి వెళ్లాలో తెలియక నిలబడిపోతాడు. అది కంగారు. కంగారు చేతుల్లో, కాళ్లలో ఉంటుంది. దాన్ని నువ్వు 'వ్యాకులత' అన్నావు. వ్యాకులపడేవాడు కూర్చుని ఉంటాడమ్మా, సిలిండర్ మొయ్యడు.

అదే ఇంట్లో ముసలమ్మను చూడు. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, హైదరాబాద్‌లో ఉన్న మనవడికి కబురు చేసే దారి లేదు. ఆమెది బెంగ. బెంగలో ప్రేమ ఉంటుంది. పడనివాడి మీద ఎవరూ బెంగ పెట్టుకోరు. ఆ ఒక్క మాట వేస్తే మనవడంటే ఆమెకు ఎంత ఇష్టమో చెప్పడానికి నువ్వు రాసిన నాలుగు వాక్యాలు అక్కర్లేదు. ఇక రాత్రి చీకట్లో మెట్ల మీదికి టార్చ్ వేసి, నీళ్లు ఇంకో మెట్టు ఎక్కాయా లేదా అని చూసే కోడలిది గుబులు. నీళ్లు తీశాక బురదలో నానిపోయిన సర్టిఫికెట్లు ఒక్కొక్కటే విడదీస్తూ ఆరబెట్టుకునేవాళ్లది దిగులు. గుబులు ఆ రాత్రితో పోవచ్చు, దిగులు నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది.

ఇంకో సంగతి నాకు గట్టిగా అనిపించింది. 'ఆదివారం పొద్దుటి నుంచే అతని మనసు కీడు శంకించింది' అని రాశావు. అది కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంకలో పుట్టి పెరిగినవాడికి సరిపోయే వాక్యం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. ఆ అంకెలు వింటూ పెరిగినవాళ్లకు మూట ఎప్పుడు కట్టాలో తెలుసు. 2024లో అక్కడ ప్రవాహం 11 లక్షలు దాటింది. అంత వరదలోనూ కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాచింది. సెప్టెంబర్ 1న సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు. ఊరంతా కృష్ణ వైపు చూస్తుంటే నీళ్లు ఇటునుంచి వచ్చాయి. మీ కథానాయకుడు శంకించలేదు, దిమ్మెరపోయాడు. ఆ తేడా పోతే కథలోంచి బెజవాడే పోతుంది.

'ఆందోళన' చెడ్డ మాటని నేననను. కలెక్టరుగారి సమీక్షలో, పేపరు వార్తలో అది చక్కగా కుదురుతుంది. ధర్నా చౌక్‌లో టెంటు వేసుకుని కూర్చున్నా పేపర్లో ఆందోళనే కదా. అందుకే వంటింట్లో, డాబా మీద ఆ మాట వింటే నాకు మనిషి కాక వార్త కనబడుతుంది. నీ కథలో డిగ్రీ చదివే పిల్ల 'నాకు ఆందోళనగా ఉంది' అంటుంది. ఆ వయసు పిల్ల బెజవాడలో అలా అంటుందా? 'టెన్షన్‌గా ఉందమ్మా' అంటుంది. అదే రాయి, ఎవరేమనుకుంటారోనని జంకకు.

గుండె మాటలు కూడా చూసి వాడు. గుండె ఝల్లుమనడం ఒక్క క్షణం పని. నువ్వు 'రాత్రంతా ఝల్లుమంటూనే ఉంది' అన్నావు. రాత్రంతా అయితే పీచుపీచుమంటుంది.

బాత్రూమ్ తూములోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చిన చోట నేను చదవడం ఆపి కాసేపు ఊరుకున్నాను. కథ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది అదే. వెంటనే కింద 'అది ఎంతో కలవరపెట్టే దృశ్యం' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. నేను అప్పటికే కలవరపడ్డాను, మళ్లీ నువ్వు చెప్పేసరికి తేరుకున్నాను.

ముందు ముసలమ్మ పేజీ తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. మీ వీధిలో పెద్దవాళ్లు ఆ వారం గురించి మాట్లాడేటప్పుడు ఏ మాట వాడుతున్నారో విని, వాళ్లు అన్నది అన్నట్టే రాసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు