కథలో వస్తువు వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఆ కథ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చూపుంది నీకు. కానీ మొదటి వాక్యంలోనే "ఈ కథలో వస్తువు ప్రేమ" అని తేల్చేశావు. ప్రేమ గురించి ఆ కథ ఏమంటోంది? అది ఒక పూర్తి వాక్యంగా రాయగలిగితేనే వస్తువు, అంటే కథ చెప్పదలచిన మాట, దొరికినట్టు.

మొదటిసారి పెన్సిల్ పక్కన పెట్టి చదువు. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ మనసు చివుక్కుమందో గుర్తుంటే చాలు. రెండోసారి ఆ చోట్లకే వెళ్లి, నీకలా అనిపించేలా రచయిత ఏం చేశాడో చూడు. శిల్పం, అంటే కథ చెప్పిన తీరు, అక్కడే పట్టుబడుతుంది.

1910లో వచ్చిన గురజాడ కథ 'దిద్దుబాటు' తీసుకో. సంస్కరణ కబుర్లు చెప్పే గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనపడదు, ఉత్తరం ఒకటి దొరుకుతుంది. ఆమె మంచం కిందే ఉందని రచయిత చివరిదాకా మనకీ చెప్పడు. ఎందుకు దాచాడంటావు? ముందే తెలిస్తే అతని టెన్షన్ చూసి నవ్వుకుంటూ కూర్చుంటాం. తెలియదు కాబట్టి అతనితో పాటు మనమూ కంగారుపడతాం. తప్పు నాదేనని అతను తన నోటితోనే అనుకునేదాకా ఆగి, అప్పుడు కమలిని నవ్వు వినిపిస్తాడు. అదే కమలిని తలుపు తీసి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే? వస్తువు మారదు, కథ మాత్రం ఉపన్యాసం అయిపోతుంది. ఏ శిల్ప విశేషం కనపడినా ఇలా తీసేసి చూడు. ఏం పోయిందో చెప్పగలిగితే అదే నీ వ్యాఖ్యానం. "ఇక్కడ వ్యంగ్యం ఉంది" అని పేరు పెట్టి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ప్రతీకల దగ్గర తొందరపడకు. వాన కురిసిందని దుఃఖం అనేయొద్దు, చాలా కథల్లో వాన ఉత్త వానే. అలాంటిదేదైనా మళ్లీ మళ్లీ వస్తూ, అదీ పాత్ర మనసు మారే చోట వస్తే అప్పుడు అనుమానించు. కథ ఎవరు చెబుతున్నారో, ఆ మనిషి ఏం దాస్తున్నాడో కూడా చూసుకో.

ఇంకొకటి. నీ అభిప్రాయానికి పొసగని వాక్యం కథలో తగిలితే దాటేయకు. నాకు మంచి ఆలోచనలన్నీ అలాంటి వాక్యాల దగ్గరే దొరికాయి. నీ వ్యాసంలో తల్లి పాత్రని రెండు ముక్కల్లో ముగించావు, ఆమె చివరి మాట నీ వాదానికి ఎదురు తిరుగుతోంది. ముందు ఆ పేరా మళ్లీ రాసి పంపు.

నీ పెద్దనాన్న