వీపు మీది చెట్టు తంగేడు అవుతుందా?

సందేహం: టోనీ మారిసన్ నవల ‘బిలవ్డ్’ (1987) మీద వ్యాసం రాస్తున్నాను. అందులో సెథ అనే నల్లజాతి స్త్రీ వీపు మీది కొరడా మచ్చలను చెట్టు అంటారు. ‘ఆమె వీపు మీది తంగేడు చెట్టు జాత్యాహంకారానికి చిహ్నం, ఆనువంశిక ఆఘాతానికి ప్రతీక’ అని రాశాను. మాటలు కుదిరాయా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: ముందు అక్షరం దిద్దుకుందాం. జాతి + అహంకారం యణాదేశ సంధి, కాబట్టి జాత్యహంకారం. ‘త్యా’ అని సాగదీయడానికి అక్కడ ‘ఆ’ లేదు. పత్రికల్లోనూ ఈ తప్పు తరచు కనబడుతుంది లెండి.

అసలు చిక్కు చిహ్నం, ప్రతీకల దగ్గర ఉంది. జరిగినదాని ఆనవాలు చిహ్నం. కొరడా పడింది, వాత తేలింది, పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆ మచ్చ దెబ్బకు చిహ్నం. ప్రతీకకు మాత్రం చూసే కన్ను కావాలి. సెథ తన వీపును ఎన్నడూ చూసుకోలేదు. ఆమె పారిపోతున్నప్పుడు సాయపడిన ఎమీ అనే తెల్లపిల్ల దాన్ని మొదట చెట్టు అంటుంది. ఎర్రగా చీలిన మొదలు, కొమ్మలు, ఆకులు, పూత సైతం ఎంచి చెబుతుంది. ఏళ్ల తర్వాత పాల్ డీ అనే అతను దాన్ని మొదట కమ్మరి చేసిన నగిషీలా తడుముతాడు. కాసేపటికే అది చెట్టేమిటి, ఉత్త మచ్చల ముద్ద అనుకుంటాడు. మచ్చ మారలేదు, అర్థం మారింది. అలా మళ్లీ మళ్లీ వచ్చి అర్థం పెంచుకునేదే ప్రతీక. మచ్చలకు చెందాల్సిన చిహ్నాన్ని కూడా మీరు చెట్టుకే తగిలించారు.

అన్నట్టు, ‘చెట్టులాంటి మచ్చలు’ అని మాత్రం రాయకండి. అది ఉపమ. మచ్చ మాట ఎత్తకుండా చెట్టు అనేయడాన్ని మన ఆలంకారికులు రూపకాతిశయోక్తి అన్నారు. ‘లాంటి’ చేరితే ఆ బిగువు పోతుంది.

ఇక తంగేడు. నవలలోది చోక్‌చెర్రీ, ఉత్తర అమెరికా అడవిచెట్టు. పండు నోరు పట్టేసే ఒగరు. తంగేడు అనగానే మనవాళ్లకు బతుకమ్మ కళ్ల ముందుకొస్తుంది, ఆ పండుగ సంబురం సెథ వీపు మీదికి ఎక్కుతుంది. పైగా తంగేడు పొద. చీల్చి చూపడానికి దానికి అంత మొదలేది? ‘ఒగరు చెర్రీ’ అనండి. ఇదే కారణాన బానిసల యజమానిని దొర అనకండి. నల్లగొండ పాఠకుడికి గడి, వెట్టి గుర్తొస్తాయి; అది వేరే చరిత్ర.

‘ఆనువంశికం’ మరీ ప్రమాదం. అది జీవశాస్త్రపు మాట, రక్తంలో దిగేదని అర్థమిస్తుంది. మనిషి గుణం జాతి రక్తంలోనే ఉంటుందన్నది జాత్యహంకారుల వాదం కదా! నవలలో ఆ గాయం కూతురు డెన్వర్‌కు తల్లి చెప్పిన మాటల్లోంచి, చెప్పక దాచిన మాటల్లోంచి చేరుతుంది. ‘ఆఘాతం’ కూడా విద్యుదాఘాతం వార్తలు చదివి చదివి ఒక్క క్షణపు దెబ్బగా వినిపిస్తోంది. గాయం అంటే చాలు.

ఇలా మార్చి చూడండి: ‘ఆమె వీపు మీది మచ్చలు బానిసత్వానికి చిహ్నం, ఆ చెట్టు తరాల వెంట వచ్చే గాయానికి ప్రతీక.’ జాత్యహంకారం మాట తర్వాతి వాక్యంలోకి పోనివ్వండి.