ఉబ్బిన రంగుటద్దాల కిటికీకి సిలికాన్ వద్దు
చర్చి కిటికీ మధ్యలో పొట్టలా ఉబ్బి రెండు అద్దాలు పగిలాయని, మేస్త్రి సిలికాన్ పూసేద్దామంటున్నాడని రాశారు కదా అన్నా, దయచేసి ఒప్పుకోవద్దు. తప్పు అద్దానిది కాదు, ఏళ్ల తరబడి బరువుకీ ఎండకీ అద్దం ముక్కల్ని కలిపి పట్టుకునే సీసం పట్టీలు సాగిపోయి, వెనక ఆసరాగా ఉండే కమ్మీకి కట్టిన తీగలు తెగిపోయి ఉంటాయి. చేత్తో నొక్కితే మిగతావీ పగులుతాయి. ముందు ఫోటోలు తీయండి, కాగితం ఆనించి పెన్సిల్‌తో మెల్లగా రుద్ది పట్టీల అచ్చు తీసుకోండి, ఆ తర్వాతే ప్యానెల్ దింపి బల్ల మీద పడుకోబెట్టాలి. పగిలిన ముక్కలు పారేయొద్దు, సరిగ్గా అదే రంగు మళ్లీ దొరకడం చాలా కష్టం! బొమ్మ గీయని ముక్కలైతే అంచులకి రాగి రేకు చుట్టి టంకం వేయొచ్చు, సన్న గీత కనిపిస్తుంది అంతే. మొహాలు గీసినవి మాత్రం తడిగుడ్డతో కూడా తుడవొద్దు, అవి అనుభవమున్నవాళ్లకే ఇవ్వండి. సీసం విషం, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.